గడీని ఊరికి అప్పగిద్దాం

జనగామ ప్రాంతంలో గడీ, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, అనగానే ముందు గుర్తొచ్చేది విసునూరు. దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పెత్తనం చుట్టుపక్కల పల్లెలన్నిటి మీదా అక్కడి నుంచే నడిచింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం ఎదురు నిలిచింది ఆయనకే. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కనుక గడీలను బాగుచేద్దామంటే, కూలిపోతే పోనీ అనేవాళ్లు ఉంటారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ గడీలకు రాళ్లు మోసింది, సున్నం దంచింది, దూలాలెత్తింది వెట్టి మనుషులు. కూలి ముట్టని ఆ చాకిరీకి ఊళ్లో కళ్లెదుట మిగిలిన సాక్ష్యం ఆ గోడలే. అవి కూలితే దొరతనానికి కొత్తగా కలిగే నష్టమేమీ లేదు; నష్టపోయేది వాటిని కట్టినవాళ్ల మనవలూ మనవరాళ్లే.

పెత్తనానికి కట్టిన భవనం జనానికి పనికిరాదనుకోవద్దు. హైదరాబాద్ కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ నిజాం మీద ఇంగ్లిష్ వాళ్లు అజమాయిషీ చేసిన చోటు. 1949లో అక్కడికి మహిళా కళాశాల వచ్చింది. శిథిలమవుతున్న ఆ కట్టడాన్ని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది, తర్వాత మరమ్మతులకూ తోడ్పడింది. ఆ కళాశాలే విశ్వవిద్యాలయమై 2024లో ఐలమ్మ పేరు పెట్టుకుంది. పాలకుర్తి ఐలమ్మ పేరు రెసిడెన్సీ ప్రాంగణానికి దక్కినప్పుడు, ఆమె పోరాడిన నేల మీది గడీలో ఊరి గ్రంథాలయం ఎందుకుండకూడదు? గడీని బాగుచేయడం అయ్యే పనే: కామారెడ్డి జిల్లా దోమకొండ గడికోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. అది వారసులే పూనుకుని చేయించిన పని.

అంత డబ్బు పల్లెకెక్కడిది, కొత్త హాలు కట్టుకుంటే పోదా అని అడగొచ్చు. పాత కట్టడాన్ని ఎక్కువగా దెబ్బతీసేది నీళ్లు, పైకప్పు సందుల్లో మొలిచే రావి వేళ్లు. వాటిని మొదట్లోనే ఆపితే ఖర్చు చాలావరకు తగ్గుతుంది. సిమెంటు పూత మాత్రం వద్దు. డంగు సున్నం గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది; పైన సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి పెళ్లలు ఊడిపడతాయి. అన్నిటికన్నా చిక్కు హక్కు పత్రాలది. వారసులతో రాతపూర్వక ఒప్పందం కుదరక ముందు పంచాయతీ రూపాయి కూడా పెట్టకూడదు. మహిళా సంఘం సమావేశాలు, పిల్లల చదువుగది, పోరాట జ్ఞాపకాల గది లాంటి రోజువారీ వాడకం ముందే ఖాయం చేసుకోవాలి. లేకపోతే ప్రారంభోత్సవం మర్నాడే తాళం పడుతుంది. మీ ఊళ్లో గడీ ఉంటే వచ్చే గ్రామసభలో ఈ మాట ఎత్తండి. వారసులను ఒప్పించి, వానాకాలం లోపే పైకప్పు మీది రావి మొక్కలు తీయించండి.