పావడాకు ఉక్కు పంజరం

విక్టోరియా కాలపు ఐరోపా స్త్రీల గౌనును గోపురంలా నిలబెట్టిన ఉక్కు చట్రం పేరు క్రినొలిన్. అది రాకముందు ఆ వెడల్పు కోసం లోపావడాలు ఒకదాని మీద ఒకటి వేసుకునేవారు. కొన్నింటికి గంజి పెట్టేవారు, కొన్నింటిని గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన బిరుసు బట్టతో కుట్టేవారు. బరువంతా నడుము మీద పడేది, పొరలు కాళ్లకు చుట్టుకునేవి.

1856లో పారిస్‌లో ఆర్.సి. మిలియే ఉక్కు చట్రానికి పేటెంటు పొందాడు. అదే ఏడాది అతని ఏజెంటు ద్వారా బ్రిటన్‌లోనూ పేటెంటు నమోదైంది. నిర్మాణం సాదా. నడుము పట్టీ నుంచి బట్ట టేపులు నిలువుగా వేలాడతాయి. వాటికి సన్నని ఉక్కు పట్టీల వలయాలు వరుసగా బిగించి ఉంటాయి. పైన చిన్నవి, కిందికి వచ్చేకొద్దీ పెద్దవి. పట్టీల చుట్టూ నూలు అల్లిక ఉంటుంది. తొడుక్కోవడానికి వీలుగా పై వలయాలను ముందువైపు కలపకుండా వదిలేస్తారు.

కిటుకంతా స్ప్రింగు ఉక్కులో ఉంది. దాన్ని వంచితే వంగుతుంది, వదిలితే మళ్లీ తిన్నగా సాగుతుంది. కొసలు కలిపేస్తే సాగే దారి లేక నలువైపులా బయటికి తోస్తుంది. అందుకే వలయం నొక్కుకుపోయినా వెంటనే గుండ్రంగా తేరుకుంటుంది. టేపులు మెత్తనివి కాబట్టి కూర్చున్నప్పుడు వలయాలు ఒకదాని మీదికి ఒకటి చేరతాయి, లేవగానే యథాస్థానానికి జారతాయి. లోపావడాల బరువు తగ్గి, కాళ్లు ఆడడానికి చోటు దొరికింది.

చిక్కులూ వచ్చాయి. ఒక పక్క నొక్కితే రెండో పక్క పైకి లేచేది. అంచు ఎక్కడుందో తెలియక పొయ్యి దగ్గరికి వెళితే నిప్పంటుకునేది. లోపలి గాలి మంటను ఎగదోసేది. 1863 డిసెంబరు 8న చిలీ రాజధాని శాంటియాగోలోని చర్చి కాలిపోయి 2,000 మందికి పైగా చనిపోయినప్పుడు, వెడల్పాటి గౌన్లు తప్పించుకునే దారికి అడ్డమయ్యాయి.

1860ల నడుమ చట్రం ముందు భాగం చదునై, వెడల్పు వెనక్కి జరిగింది. 1870 నాటికి నడుము వెనుక భాగాన్ని మాత్రమే ఎత్తిచూపే బసిల్ దాని స్థానంలోకి వచ్చింది.

నేడు నాటకాలకూ సినిమాలకూ ఆ కాలపు గౌను కుట్టేవారు చట్రంతోనే మొదలుపెడతారు. దానిపై ఒక లోపావడా వేయకపోతే వలయాల గీతలు పైకి కనిపిస్తాయి. గౌను పొడవును నడుము నుంచి నేలకు నిట్టనిలువుగా కొలిస్తే పొట్టిదవుతుంది. బట్ట గోపురం వంపు మీదుగా దిగాలి కనుక కొలత టేపును చట్రం మీదుగానే పట్టాలి. అడుగు వలయం అడ్డంగా 1 మీటరుంటే చుట్టుకొలత సుమారు 3.14 మీటర్లు. అంచుకు అంతకన్నా ఎక్కువ బట్ట తీసుకుని, నడుము దగ్గర సన్నని కుచ్చులు పోసి పట్టీకి కుడతారు.