ముళ్లులేని నాగజెముడు: కరవునాటి పచ్చిమేత

వానలు వెనుకబడిన యేట గ్రామములో ముందుగా తరుగునది పశుగ్రాసము. గడ్డివాము అడుగంటిన పిమ్మట రైతు తన పాడిపశువులను అయినకాడికి సంతలో అమ్ముకొనుట మనమెల్లరము ఎరిగినదే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు అనంతపురము వంటి మెట్టప్రాంతములలో ఈ కష్టము మరింత అధికము. అట్టి గ్రామములలో పంచాయతీలు ముందుచూపుతో పెంచదగిన మొక్క ముళ్లులేని నాగజెముడు.

ఇది మెక్సికో దేశపు మెట్టనేలలలో పుట్టినది. తక్కిన మొక్కలు పగటివేళ ఆకురంధ్రములను తెరచి నీటిని కోల్పోవును. ఇది రాత్రి చల్లదనములో తెరచి నీటిని పొదుపు చేసికొనును. ఆకువలె కనిపించు దీని మట్ట నిజమునకు కాండమే. నీరు నిలువయుండునది అందే.

ముళ్లజాతి నాగజెముడును మాత్రము నాటరాదు. ఒకప్పుడు అది దక్షిణ భారతమున పొలములను, బీళ్లను ఆక్రమింపగా, 1926లో సింహళమునుండి ఒక పురుగును తెప్పించి అదుపు చేయవలసివచ్చెను. ముళ్లులేని దానిని సైతము మట్టలతోనే పెంచవలెను. విత్తనమునుండి మొలచినవి ముళ్లమొక్కలు కావచ్చును.

నాటు విధము: ఏడాది వయసుగల మట్టను కణుపువద్ద కోసి, గాయము ఎండువరకు రెండు మూడు వారములు నీడలో ఉంచవలెను. పచ్చి గాయముతో నాటిన మట్ట కుళ్లిపోవును. వానలకు ముందు, నీరు నిలువని నేలలో, మట్టలో సగము పూడునట్లు నిలువుగా నాటవలెను. వరుసల నడుమ రెండు మీటర్లు, మొక్కల నడుమ ఒక మీటరు ఎడముండవలెను. ముళ్లు లేనందున మేకలు దీనిని మిగులనీయవు, కంచె తప్పనిసరి. మట్టలపై తెల్లని దూదివంటి పురుగు కనిపించిన, ఆ మట్టలను వెంటనే కోసి పూడ్చివేయవలెను.

మట్టలో నూటికి 85 మొదలు 90 పాళ్లు నీరే, మాంసకృత్తులు స్వల్పము. కావున దీనినే మేపిన పశువు పారుకొనును. ముక్కలుగా తరిగి, చొప్పతోగాని వరిగడ్డితోగాని కలిపి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఇది ఎండుమేతకు తోడేగాని బదులు కాదు.

పంచాయతీవారు తొలుత కొద్దిపాటి స్థలమున నారుమడివలె దీనిని పెంచి, రైతులకు మట్టలను పంచవచ్చును. కరవు వచ్చిన పిదప నాటిన మొక్క ఆ కరవునకు అక్కరకు రాదు. మంచి వానలున్న యేడే ఈ పనికి తగిన అదను.