వార్తల్లో పదం: ఖలిస్థాన్, జగ్‌జీత్ సింగ్ చౌహాన్

కెనడాలోనో బ్రిటన్‌లోనో ప్రత్యేక సిక్కు దేశం కోరే ఖలిస్థాన్ జెండాలు లేచినప్పుడల్లా మనకు సిక్కు తీవ్రవాద నేత భింద్రన్‌వాలే గుర్తొస్తాడు. కానీ ఆ నినాదాన్ని విదేశీ వేదికల మీదికి మోసినవాళ్లలో ముందువరసలో ఉన్నది డాక్టర్ జగ్‌జీత్ సింగ్ చౌహాన్. పంజాబ్‌లోని టాండా అతని ఊరు.

విచిత్రమేమిటంటే, అతడు భారత రాజ్యాంగం సాక్షిగా పదవులు చేపట్టినవాడు. 1967లో పంజాబ్ శాసనసభ డిప్యూటీ స్పీకర్, తర్వాత లచ్‌మన్ సింగ్ గిల్ ప్రభుత్వంలో ఆర్థికమంత్రి. ఎన్నికల్లో ఓడి బ్రిటన్ చేరాడు. 1971 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్‌లో ప్రత్యేక సిక్కు దేశం కోరుతూ ప్రకటన వేయించాడు. 1980లో ‘ఖలిస్థాన్ జాతీయ మండలి’ పెట్టి తానే అధ్యక్షుణ్నన్నాడు. స్టాంపులు, పాస్‌పోర్టులు, కరెన్సీ నోట్లు సైతం అచ్చువేయించాడు. వాటి వెనుక పంజాబ్ ప్రజల ఓటు ఒక్కటీ లేదు. భారత ప్రభుత్వం అతని పాస్‌పోర్టు రద్దుచేసింది.

1984 జూన్‌లో స్వర్ణదేవాలయంలోకి సైన్యం వెళ్లాక, ప్రధాని ఇందిరాగాంధీ ప్రాణాలకు ముప్పు తప్పదంటూ బీబీసీలో అతడన్న మాటలు క్షమించరానివి. అక్టోబరు 31న సిక్కు అంగరక్షకులే ఆమెను కాల్చిచంపారు. ఆ వెంటనే ఢిల్లీలో సిక్కులను ఊచకోత కోశారు. బాధితులకు దశాబ్దాలపాటు న్యాయం దక్కకపోవడమే వేర్పాటువాదానికి ఏ పత్రికా ప్రకటనా ఇవ్వలేనంత బలమిచ్చిందని నా నమ్మకం.

చౌహాన్ 2001లో తిరిగొచ్చాడు. శాంతియుత పోరాటమంటూ ఖల్సా రాజ్ పార్టీ పెట్టాడు, జనం పట్టించుకోలేదు. 2007 ఏప్రిల్ 4న టాండాలో మరణించాడు. భారత్ 2019లో నిషేధించిన ‘సిఖ్స్ ఫర్ జస్టిస్’ సంస్థ విదేశాల్లో నడిపే ఖలిస్థాన్ ‘రెఫరెండం’ అతడు వేసిన ప్రవాస బాటలోదే.