ఇనుప వీరుడూ, వెట్టి చాకిరీ

“ఇనుప బొమ్మల కొట్లాటలకు సాహిత్య పత్రికలో చోటెందుకు?” అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. నేనీ వ్యాసం రాయబోతున్నానని తెలిసి అడిగిన ప్రశ్న అది. అందులో ఈసడింపు ఉన్నా అన్యాయం లేదు. మన విమర్శకులు జానపద కథను పట్టించుకున్నారు, బుర్రకథను పట్టించుకున్నారు, డిటెక్టివ్ నవలను తిట్టడానికైనా పట్టించుకున్నారు. ఆకాశం నుంచి యంత్ర రాక్షసులు దిగడం, నగరాన్ని కూల్చడం, తాటిచెట్టు ఎత్తు మరమనిషి లేచి వాటిని తరిమికొట్టడం – మన పిల్లలు కళ్లప్పగించి చూసే ఈ కథను మాత్రం పిల్లచేష్ట కింద కొట్టివేశారు. కొట్టివేసినవారిలో నేనూ ఉన్నాను. నా అభిప్రాయం ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పే ముందు ఆ కథ పుట్టుపూర్వోత్తరాలు కొంత చూడవలసి ఉంది.

‘రోబో’ అనే మాటను పుట్టించింది ఇంజనీర్లు కారు, ఒక నాటక రచయిత. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ‘ఆర్.యు.ఆర్.’ నాటకం ప్రచురించాడు. 1921 జనవరిలో ప్రాగ్ నగరంలో దాన్ని ప్రదర్శించారు. కర్మాగారంలో తయారయ్యే కృత్రిమ కూలీలకు ఏం పేరు పెట్టాలా అని ఆయన ఆలోచిస్తుంటే, చిత్రకారుడైన అన్న జోసెఫ్ ఈ మాట అందించాడు. ‘రొబోత’ అంటే రైతు తన భూస్వామికి కూలి లేకుండా విధిగా చెయ్యవలసిన పని. ఆ దేశంలో 1848లో చట్టరీత్యా రద్దయిన పని. తెలంగాణ పాఠకుడికి ఇంత వివరణ అక్కరలేదు, వెట్టి అంటే చాలు. ‘ప్రజల మనిషి’లో వట్టికోట ఆళ్వారుస్వామి, ‘చిల్లర దేవుళ్లు’లో దాశరథి రంగాచార్య ఏ చాకిరీని మనకు చూపించారో, 1946–51 సాయుధ పోరాటంలో ఏ చాకిరీ మీద పల్లెలు తిరగబడ్డాయో, దాని చెక్ పేరే ఇవాళ మన పిల్లల బొమ్మల డబ్బాల మీద అచ్చయి ఉంది. ఎం.ఏ. తెలుగు చదివే రోజుల్లో ఈ మాట మూలం ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే చాలా ఏళ్ల ముందే ఈ వ్యాసం రాసి ఉండేవాణ్ణి.

చాపెక్ రోబోలు ఇనుముతో చేసినవి కావు. రసాయన పదార్థంతో మలిచిన దేహాలవి, చూడడానికి అచ్చం మనుషులే. చాకిరీ చేసి చేసి, చివరకు తిరగబడి మానవజాతినే తుడిచిపెడతాయి. అంటే రోబో అనే పేరుతో వచ్చిన మొదటి కథ వెట్టివాళ్ల తిరుగుబాటు కథ. అలాంటి తిరుగుబాటుదారు నగరాన్ని కాపాడే విధేయుడైన వీరుడుగా ఎలా మారాడు? మన విమర్శ అడగవలసిన ప్రశ్న ఇదని నా అభిప్రాయం.

ఆ మార్పు ప్రధానంగా జపాన్‌లో జరిగింది. 1956లో మిత్సుతెరు యొకొయామా అనే చిత్రకథా రచయిత ‘తెత్సుజిన్ 28’ మొదలుపెట్టాడు. యుద్ధం చివరి రోజుల్లో జపాన్ సైన్యం కోసం రహస్యంగా తలపెట్టిన ఆయుధం ఆ మరమనిషి. యుద్ధం ముగిసింది, ఆయుధం మిగిలింది. దాన్ని నడిపే చిన్న పెట్టె ఒక కుర్రవాడి చేతికి వచ్చింది. ఆ ఇనుప మనిషికి మంచీ చెడూ తెలియవు. పెట్టె కుర్రవాడి దగ్గర ఉంటే నగరాన్ని కాపాడతాడు, దొంగ దగ్గర ఉంటే అదే నగరాన్ని కూలుస్తాడు. కాబట్టి ఆ కథలో అసలు పోరాటం రాక్షసులతో కంటె ఎక్కువగా ఆ పెట్టె కోసం జరుగుతుంది. అణుబాంబు తిని పదకొండేళ్లయినా కాని దేశంలో పిల్లలకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అదే రచయిత ఇతివృత్తంతో 1967–68లో 26 భాగాలుగా ‘జెయింట్ రోబో’ టెలివిజన్‌లో వచ్చింది. 1980లలో మన దూరదర్శన్ కూడా దాన్ని ప్రసారం చేసింది. పక్కింటి కిటికీ చువ్వలు పట్టుకొని చూసిన పిల్లల్లో నేనొకణ్ణి. ఈజిప్టు రాజు తలకట్టు పెట్టుకున్న ఆ నిలువెత్తు విగ్రహం ఎగిరినప్పుడల్లా మా కాళ్లు కూడా నేల మీద నిలిచేవి కావు. పెద్దయ్యాక మళ్లీ చూస్తే అప్పుడు కనబడనివి కనబడ్డాయి. ఆకాశం నుంచి వచ్చిన గిలటిన్ చక్రవర్తి ఒక శాస్త్రవేత్తను బంధించి ఆ రోబోను చేయిస్తాడు. అంటే అది బందీ శ్రమతో తయారైన వస్తువు. చేతి గడియారం లాంటి యంత్రంలో మొదట ఎవరి గొంతు పడితే వారికే అది బానిస. తప్పించుకునే గందరగోళంలో ఒక బాలుడి గొంతు పడింది. రోబో మంచివాడు కావడానికి అంతకన్నా పెద్ద కారణం లేదు.

ఇక చివరి భాగం. గిలటిన్ ఒంట్లో అణుశక్తి నిండి ఉంది, పేల్చితే భూమి అంతా పేలిపోతుంది. శక్తి ఉడిగి కూలబడిన రోబో, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే లేచి, శత్రువును ఒడిసిపట్టి అంతరిక్షంలోకి ఎగిరిపోతుంది. వెనక్కి రమ్మని బాలుడు ఏడుస్తూ గడియారంలో పిలుస్తాడు, రోబో వినదు. ఆ వెట్టివాడు సొంతంగా చేసిన ఒకే ఒక్క పని తన చావు. కిటికీ దగ్గర మేమంతా ఏడ్చాం. ఎందుకు ఏడ్చామో అప్పుడు తెలియలేదు.

ఇది విదేశీ సరుకు, మనకేమిటి అనేవారికి ఘటోత్కచుణ్ణి గుర్తుచేస్తాను. 1957 ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు మీసం మెలేసి నవ్వే ఘటోత్కచుడు కాదు, భారతం ద్రోణపర్వంలోని ఘటోత్కచుడు. అడవిలో తల్లి దగ్గర పెరిగినవాడు, రాజ్యంలో వాటా లేనివాడు. అవసరం పడిన రాత్రి కబురు వస్తుంది. కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్త్యాయుధం ఇతని మీద ఖర్చవుతుంది. చనిపోతూ దేహం పెంచి కౌరవసేన మీద పడి ఒక అక్షౌహిణిని నుగ్గుచేస్తాడు – కూలడం కూడా ఉపయోగపడేట్టు కూలతాడు. పాండవులు దుఃఖిస్తుంటే కృష్ణుడు సంతోషంతో గంతులు వేస్తాడు. కర్ణుడు చంపకపోతే ఇతణ్ణి తానే చంపవలసి వచ్చేదని కూడా అంటాడు. భారీకాయుడైన సేవకుణ్ణి యుద్ధానికి వాడుకోవడం, యుద్ధం తరువాత అతడేమవుతాడో అని లోలోపల భయపడడం – వ్యాసుడు ఈ రెండింటినీ ఒకే ఘట్టంలో దాపరికం లేకుండా చెప్పాడు. మన సినిమా మొదటిదాన్నే తీసుకుంది.

పూర్తిగా తీసుకోలేదనడం కూడా తొందరపాటేనేమో. తమిళంలో ‘ఎందిరన్’గా తీసి, 2010లో తెలుగులో ‘రోబో’గా వదిలిన శంకర్ చిత్రంలో, సైన్యం కోసం తయారైన చిట్టి చివరకు తన అవయవాలు తానే విప్పుకోవలసి వస్తుంది. కోర్టు తీర్పు అది. సినిమాలో నిజమైన విషాదం ఆ నాలుగు నిమిషాల్లోనే ఉంది. 2018లో వచ్చిన ‘2.0’లో అదే చిట్టిని ప్రదర్శనశాల నుంచి తీసుకువచ్చి మళ్లీ పనికి పెడతారు. నగరం మీదికి వచ్చే యంత్ర రాక్షసి ఈసారి వేరే గ్రహానిది కాదు, జనం చేతుల్లోంచి ఎగిరిపోయిన సెల్‌ఫోన్లన్నీ కలిసి కట్టిన మహాపక్షి. దాని లోపల ఉన్నది పక్షుల చావు చూడలేక సెల్ టవర్‌కు ఉరేసుకున్న ఒక వృద్ధ శాస్త్రవేత్త. టవర్ల తరంగాలకు పక్షులు చస్తాయన్న వాదానికి విజ్ఞానశాస్త్రం మద్దతు ఎంతవరకు ఉన్నదన్నది వేరే చర్చ. కథ మటుకు న్యాయమైన ఫిర్యాదు ఉన్నవాణ్ణి రాక్షసుణ్ణి చేసి, స్టేడియంలో ఇద్దరు భారీకాయుల ముష్టియుద్ధంతో ఆ ఫిర్యాదును ముగించింది. చర్చ ఎటు పోయిందో ఎవరూ అడగరు. గ్రాఫిక్సు బాగున్నాయంటారు.

ఈ కథలో పెట్టె ఎవరి చేతిలో ఉన్నదన్నది ఎంత ముఖ్యమో, రాక్షసులు ఎక్కడి నుంచి వచ్చారన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండో ప్రశ్న నాకు నేర్పింది మూసారాంబాగ్‌లో నా తొమ్మిదో తరగతి విద్యార్థి.

ఆ పేటకు పేరు తెచ్చినవాడే ఒక ఆయుధాల మనిషి. నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్‌ను ముస్లిములు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించిన రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. ఆ సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషు వారితో సైన్య సహకార ఒప్పందం మీద సంతకం చేశాడు. అక్టోబరులో సుమారు 14,000 మంది ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. నగర రక్షణకని పోసిన ఫిరంగులకు ఒక్క సంతకంతో యజమాని మారాడు. యొకొయామా పెట్టెను అర్థం చేసుకోవడానికి మా ఊళ్లో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

2024 సెప్టెంబరు మొదట్లో పిల్లల్ని కథ రాయమన్నాను. ఒక కుర్రవాడు ఇలా రాశాడు: వేరే గ్రహం నుంచి పసుపుపచ్చ యంత్రాలు మూసీ ఒడ్డున దిగుతాయి. ఒక్కొక్కదానికి ఒకే చెయ్యి, ఆ చేతికి ఇనుప పళ్లు. ఇళ్లను కొరుక్కుంటూ వస్తాయి. అప్పుడు మూసారాంబాగ్ టీవీ టవర్ కాళ్లు విప్పుకొని నడుస్తుంది – అదే రోబో, ఇన్నాళ్లూ టవర్‌లా నటించింది. దాని రిమోటు కథానాయకుడి నాయనమ్మ దగ్గర ఉంది. ఏ మీట నొక్కాలో ఆమెకు తెలియదు. “బిడ్డా, జర ఇటు రా” అని పిలుస్తుంది. అది వస్తుంది. పదింటికి నాలుగు మార్కులు వేసి, “ఊహ ఎక్కువ, వాస్తవికత లేదు” అని ఎర్ర సిరాతో రాశాను.

ఆ నెలాఖరున మూసీ నదీగర్భంలోని ఇళ్లను అధికారులు గుర్తించి గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాయించారు. అక్టోబరు మొదట్లో మూసారాంబాగ్ పరిసరాల్లో కొన్ని ఇళ్ల కూల్చివేత జరిగింది. ఆ ఇళ్లు ఉండకూడని చోట కట్టినవే అనేవారున్నారు. 2020 అక్టోబరు వరదలో మూసారాంబాగ్ వంతెన నీట మునిగింది కూడా నిజమే. ఆ వాదోపవాదాలకు ఇది వేదిక కాదు. నేను చెప్పవలసింది ఒక్కటే. ఆ కుర్రవాడు ఆ ఒడ్డు వీధుల నుంచే బడికి వచ్చేవాడు. గోడ మీద అక్షరాలు పడకముందే ఇంట్లో పెద్దల మాటలు విని ఆ కథ రాశాడు. వాస్తవికత లేదని రాసిన వాడికి ఆ వీధి ఏదో కూడా తెలియదు.

పిలిచి కూచోబెట్టాను. మార్కుల సంగతి ఎత్తకముందు, విమర్శకుడి అలవాటు పోక, ఒక ప్రశ్న వేశాను. “ఆ యంత్రాలను నడిపే మనుషులు లేరేమిరా?”

“ఉంటరు సార్. మా మామ గూడ జేసీబీ నడుపుతడు. అందుకే వేరే గ్రహం నుంచి తెచ్చిన.”

నేను తరగతిలో ఎన్నోసార్లు ‘శిల్పం’ అనే మాట వాడాను. ఈ జవాబులో ఉన్నంత శిల్పస్పృహ మాత్రం నాకు అరుదుగా తగిలింది. ఇంటిని కూల్చే యంత్రం మీద కోపం ఉంది. దాని మీద కూర్చున్నవాడు కూలికి వచ్చిన మేనమామ. రోబో ఆ యంత్రాన్ని విరగ్గొడితే మామకు దెబ్బ తగులుతుంది. అందుకని యంత్రాన్ని ఖాళీ చేసి ఆకాశం నుంచి దింపాడు. జపాన్ నుంచి మద్రాసు దాకా ఎందరో రచయితలు శత్రువును పరగ్రహవాసిగా చేసింది అతని ముఖం చూడకుండా ఉండటానికి. ఈ కుర్రవాడు చేసింది ఒక ముఖాన్ని కాపాడటానికి. పైకి చూస్తే రెండూ ఒకటే ఎత్తుగడ. కాని డ్రైవరుతో పాటు, ఆ డ్రైవరును పంపినవాడు కూడా కథ నుంచి తప్పించుకున్నాడు. లోపం అక్కడ ఉంది. పరగ్రహ కథ రాసే ప్రతి అభ్యుదయ రచయితకూ ఆ చిక్కు ఎదురవుతుంది. ఆ కుర్రవాడికి కూడా అదే చెప్పాను.

“పంపినోడు ఏ గ్రహంల ఉంటడు సార్?” అన్నాడు.

“అది నువ్వే రాయాలి” అన్నాను. మార్కులు ఎనిమిది చేశాను. రెండు తగ్గించింది అందుకేనని చెబితే ఒప్పుకున్నాడు. కథ చివర నాయనమ్మ రోబోను ఏమడుగుతుందో నేను ముందు సరిగా చదవలేదు. యుద్ధం అయిపోయాక గిన్నెలో అన్నం పట్టుకొని టవర్ కింద నిలబడి, “తిన్నవా బిడ్డా?” అంటుంది.