సిగ్గు, పరువు, ఇజ్జతు

పాలకుర్తి ప్రాంతపు పల్లెలలో ఒక అవ్వ ప్రొద్దున లేచినది మొదలు పొద్దుగూకువరకు సిగ్గను మాటను ఎన్ని విధముల వాడునో చెవియొగ్గి వినదగును. మొలత్రాడు తప్ప మరేమియు లేక వాకిట పరుగిడు మనుమని చూచి నవ్వుచు “సిగ్గు లేదార నీకు” అనును. పెండ్లిచూపులలో తల యెత్తని మనుమరాలిని గూర్చి “పిల్లకు సిగ్గెక్కువ” అని ఒకింత గర్వముతో చెప్పుకొనును. ఆడినమాట తప్పి వచ్చిన కొడుకును మాత్రము “సిగ్గు శరం లేదుర నీకు” అని కసరును. మొదటి సిగ్గు బట్టకు సంబంధించినది, రెండవది వయస్సునకు, మూడవది నడవడికి. మొదటి రెండును కాలక్రమమున వాటంతట నవియే వచ్చి పోవునవి. మూడవది అట్లు కాదు, అది ఉండవలెనని పెద్దలు కోరుదురు, లేనిచో అదియే నేరమగును.

సంస్కృతమున అమరసింహుడు మందాక్షము, హ్రీ, త్రప, వ్రీడ, లజ్జ అను మాటల నొక్కచోట చేర్చి, వెంటనే అపత్రప యను దానిని వేరుచేసి, అది ఇతరుల వలన కలుగు సిగ్గని చెప్పెను. అనగా తనలో తాను కుంచించుకొనుట యొకటి, పరులు చూచుచున్నారని కుంచించుకొనుట మరియొకటి అని ఆ కోశకర్తకు తెలియును. బౌద్ధులును హిరి, ఓత్తప్ప అను జంటపదములతో ఇంచుమించుగా ఈ భేదమునే పాటించిరి. భరతుడు వ్రీడను ముప్పదిమూడు వ్యభిచారి భావములలో నొకటిగా లెక్కించెను గాని, నాట్యమునకు కావలసినది వంగిన కన్నులు, నేలగీయు కాలివ్రేలు మాత్రమే కనుక ఆ చర్చ మన కింతకంటె ఉపకరింపదు.

జనగామ జిల్లాలోని బమ్మెర పోతన్నగారి ఊరు. ఆయన భాగవతమున ఈ భేదములు మూడు ఘట్టములలో మూడు రూపముల కానవచ్చును. చలినీటిలో నిలిచి తమ చీరలకై వేడుకొను గోపికలది లజ్జ. అగ్నిద్యోతనుడను విప్రుని చేత కృష్ణునకు వర్తమానమంపి, వచ్చి తన్ను కొనిపొమ్మని కోరిన రుక్మిణి యా లజ్జ నొక ప్రక్కకు నెట్టినది. అయినను ఆమెను సిగ్గుమాలినదని యే తెలుగు పాఠకుడును అనుకొనలేదు. బలిచక్రవర్తి కథ మరియొక తీరు. గురువగు శుక్రుడే వలదని వారించినను ఇచ్చెదనన్న మాటను వెనుకకు తీసికొనుటకు అతడంగీకరింపలేదు. అక్కడ బలి తప్పించుకొన్నది నలుగురి నవ్వును కాదు. అతనిని అడ్డగించినది తన మాటయే. అవ్వ తన కొడుకునం దుండవలెనని కోరిన మూడవ సిగ్గు, ప్రభువు వేషమున, ఇదియే.

ఇక పార్శీ, ఉరుదూ భాషల నుండి షరము, ఇజ్జతు, నామోషీ వచ్చి చేరినవి. ఇవి వచ్చి తెలుగు మాటలను త్రోసివేయలేదు. ఖాళీగా నున్న గదులలో కాపురముండినవి. పట్నములో చదివి వచ్చిన పిల్లవాడు అరక పట్టుటకు వెనుకాడినచో అది నామోషీ. దానిని సిగ్గనుట సరిగాదు, ఏలయన అరక పట్టుట తప్పని వాడును అనుకొనడు, తన అంతస్తునకు తక్కువని మాత్రమే తలచును. చుట్టము పెట్టిన నాలుగవ గారెను వద్దనలేక తినుట మొగమాటము. క్రొత్తవారి యెదుట నోరు పెగలకుండుట బిడియము. ఈ మూడింటిలో ఎచ్చటను నేరము లేదు.

క్రియలను పరిశీలించినచో విషయము మరింత తేటపడును. సిగ్గు పడుదుము, పరువు పోవును, ఇజ్జతు తీయుదురు, అవమానము చేయుదురు. “సిగ్గు తీసిండు” అను వాడుకయు లేకపోలేదు గాని, అచ్చట సిగ్గు పరువునకు మారుపేరుగా నిలిచినది. పడుట యను క్రియకు కర్త తానే కావలెను; ఒకని సిగ్గును మరియొకడు పడజాలడు. తీయుటకును చేయుటకును కర్త ఎదుటివాడు.

ఈ వ్యాకరణము ఎంత కఠోరమైనదో దొరల గడీల యెదుట నడచినవారికి తెలియును. నేడు దేవరుప్పుల మండలములో నున్న విసునూరు, ఆనాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనిది. అచ్చటి దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డి పేరు చెప్పిన చుట్టుప్రక్కల ఊళ్లు వణకెడివి. గడీ దగ్గరకు వచ్చుసరికి కాలి చెప్పులు చేతిలోనికి రావలెను, తలపాగ దిగవలెను, ఎల్లయ్య ఎల్లిగాడు కావలెను, నోట “నీ బాంచెన్, కాల్మొక్త దొరా” అను మాట వెలువడవలెను. వెట్టిచాకిరి శరీరమును మాత్రమే కోరియుండినచో కొరడా చాలియుండును. కాని గడీ కోరినది అంతకంటె ఎక్కువ: చేయబడుచున్న అవమానమును ఆ మనిషి తన సిగ్గుగా మార్చుకొని, తాను పుట్టుకచేతనే తక్కువవాడనని తలవంచుకొనవలెను. కర్తలు తారుమారైనప్పుడే ఆ వ్యవస్థ స్థిరముగా నిలువగలదు. మహబూబాబాదు జిల్లా చిన్నగూడూరులో 1928లో జన్మించిన దాశరథి రంగాచార్యులవారి ‘చిల్లర దేవుళ్లు’ నవల గడీల లోపలి బ్రతుకును చూపినది. పెండ్లికూతురు వెంట అరణముగా గడీకి పంపబడు ఆడబాప పిల్లల బ్రతుకున, దుర్మార్గము ప్రభువుది, తలవంపులు ఆ పిల్లవి. మానమను మాటను ఆడుదాని శరీరమునకును, పరువను మాటను ఇంటి యజమానికిని పంచిపెట్టిన లోకమున అట్లు జరుగుట వింత కాదు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ యీ లెక్కను తలక్రిందులు చేసినది. 1895లో పుట్టిన ఆమె మల్లంపల్లి భూస్వామి నుండి కౌలుకు పట్టిన భూమిని సాగుచేయగా, రజకస్త్రీ వ్యవసాయము చేయుటయే విసునూరు దొరకు కంటగింపైనది. ఆంధ్రమహాసభ సంఘములో చేరుట మరింత కంటగింపైనది. కోతకు వచ్చిన పంటను ఎత్తుకొనిపోవుటకు దొర మనుషులు పొలమునకు రాగా, సంఘమువారు అడ్డునిలిచి వరి కోసి ఆమె యింటికి చేర్చిరి. తరువాత ఆమె ఇల్లు కూలద్రోయబడినది. ఆమె కుటుంబము చిత్రహింసలు పడినది. ఇంత జరిగినను ఆమె సిగ్గుపడలేదు, పడుటకు తాను చేసిన తప్పేదియు లేదు గనుక. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు సంఘపు కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరగిన పిమ్మట ఈ తెలివి ఊరూర ప్రాకినది. ఐలమ్మ 1985లో కన్నుమూసెను. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి.

భాషకును ఇట్టి తలవంపులు కలుగకపోలేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ థియేటరులో సంఘసంస్కర్త కర్వేగారి అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుచుండగా, ఆలంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది తెలుగులో మాట్లాడ నారంభింపగనే సభలో గేలి, కేకలు చెలరేగినవి. ఆ అవమానమునకు ఫలితముగా వెంటనే ఆంధ్రజన సంఘము వెలసినది, అదియే పెరిగి ఆంధ్రమహాసభ అయినది. పాలకుర్తి పుణ్యభూమిలోనే పుట్టిన సోమనాథుడు శతాబ్దముల క్రిందట జానుతెనుగును చంకనెత్తుకొని ద్విపదలో బసవపురాణము వ్రాసినప్పుడు అది తనకు నామోషీయని అనుకొనలేదు సుమా! ఆ సభలో తెలుగువారు తల వంచి కూర్చుండినచో సోమనాథునికే తలవంపులు తెచ్చినవారై యుందురు.

ఇంతవరకు చెప్పినది గెలుపుకథ. భూపాలపల్లి వైపున రేగొండ, చిట్యాల మండలముల ప్రత్తిచేలలోనికి పోయినచో వేరుకథ వినవలసివచ్చును. 1997-98లో నాటి వరంగల్లు జిల్లాలో ప్రత్తిని పురుగు తినివేసెను; కొట్టిన మందులు చాలవరకు పనిచేయలేదు, కొన్ని కల్తీవి. విత్తనమును, ఎరువును, మందును అరువుగా ఇచ్చినవాడును, పంటను కొనువాడును పలుచోట్ల ఒక్కడే. ఆ యేట వందల కొలది రైతులు ప్రాణములు తీసికొనిరి. పత్రికలు “అప్పుల బాధ తాళలేక” అని వ్రాసెను, ఇప్పటికిని అట్లే వ్రాయును. ఆ వాక్యములో అప్పు కలదు గాని, తాళలేనిదేదో చెప్పబడలేదు. అప్పు దుకాణపు చిట్టాలో నుండును. దానితో రైతు ఏండ్ల తరబడి బ్రతుకుచునే యుండెను. షావుకారి మనిషి మోటారు సైకిలును వాకిట నిలిపి, ఇరుగుపొరుగు వినునట్లు “ఎప్పుడిస్తవు” అని అరచిననాడు పోవునది వేరొకటి. నీళ్లు మోసికొని వచ్చు ఆడవారు ఆగి చూతురు. కూతురు పెండ్లీడునకు వచ్చియున్నది. “పదిమందిల ఇజ్జతు తీసిండు” అని ఆ రైతు అనును.

నావరకు ఈ మాట పట్టించుకొనదగినదని తోచును. ఆ రైతు చేసిన తప్పేదియు లేదు. సిగ్గుపడవలసినవాడు కల్తీమందు అమ్మినవాడు. ఐలమ్మ యెదుట నిలిచినది ఒక దొర, అతని పేరు ఊరందరికి తెలియును, ఆమె వెనుక ఒక సంఘము నిలిచెను. ఈ రైతు యెదుట పురుగున్నది, ధర యున్నది, వానయున్నది, చిట్టా యున్నది. వీనిలో దేనిని చూపి ఇది చేసిన అవమానమని ఊరి ముందు అనగలడు? అందువలన పోయిన ఇజ్జతు ఇంటిలోనికి వచ్చి సిగ్గుగా మారును. వడ్డీ తగ్గించుట, గడువు పెంచుట అధికారుల పని, అది జరుగవలసినదే. వాకిట కేక వేయుటను నిషేధించుటకు మాత్రము ఖజానా నుండి ఒక్క రూపాయియు అవసరము లేదు. అప్పు అడుగువాడు లోనికి వచ్చి, మంచముపై కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, మెల్లగా అడుగవలెనని ఏ గ్రామసభయైనను ఒక పూటలో తీర్మానింపవచ్చును.