గట్టు తుడిచే నీళ్లలో ఏం కలుపుతున్నారు?

నిమ్మచెక్క, వెనిగర్, వంటసోడా. ఇంట్లోనే క్లీనర్ తయారు చేసుకుందామనుకోగానే ముందు గుర్తొచ్చేవి ఇవే. తినేవే కదా, ఏం చేస్తాయిలే అనే ధీమా! కానీ కడుపుకి పడినవన్నీ రాతికి పడవు. పైగా కొన్నింటిని కలిపితే రాతికే కాదు, ఊపిరితిత్తులకూ ముప్పే.

పొయ్యి పెట్టే గట్టుకు మనవాళ్లు ఎక్కువగా గ్రానైటే వేయిస్తారు. చీమకుర్తి నలుపు, కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటివి పులుపును బాగానే తట్టుకుంటాయి. నల్లరాతి రోట్లో ఎన్ని తరాలుగా చింతకాయ పచ్చడి నూరడం లేదు? కాకపోతే మరకలు ఇంకకుండా గ్రానైటు మీద పూసే సీలర్ పూత రోజూ నిమ్మరసం పడితే త్వరగా దెబ్బతింటుంది.

పాలరాయి, కడప బండ, తాండూరు బండ సంగతి వేరు. వీటిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. అంటే సున్నపురాయి జాతి. పులుపు తగలగానే పైపొర కరిగిపోతుంది. మెరుపు పోయి, పాలిపోయిన మచ్చ మిగులుతుంది. అది మరక కాదు, రాతికి తగిలిన దెబ్బ. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. చాలా ఇళ్లలో గట్టు గ్రానైటు, కింద అరలు కడప బండ. గట్టు తుడిచిన నిమ్మనీళ్ల గుడ్డతోనే అరలూ తుడిచేస్తుంటారు. పచ్చళ్ల జాడీల కింద పడే గుండ్రటి మచ్చలకూ చాలావరకు కారణం పులుపే. జాడీ కింద చిన్న పళ్లెం పెడితే ఆ బాధ ఉండదు.

మీ ఇంట్లోది ఏ రాయో తెలియకపోతే కంటికి కనిపించని మూలలో ఒక్క చుక్క నిమ్మరసం వేసి, రెండు మూడు నిమిషాలాగి తుడవండి. బుడగలు వచ్చినా, ఆ చోట మెరుపు తగ్గినా ఇక పులుపు దాని దరిదాపులకు రాకూడదు.

సబ్బునీళ్లు చాలు

అన్ని రాళ్లకూ పనికొచ్చే క్లీనర్ చాలా మామూలుది. అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా. లిక్విడ్ కొనేటప్పుడు నిమ్మ, వెనిగర్ కలిపినది కాకుండా చూసుకోండి. మెత్తటి గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో ఇంకోసారి తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఈ చివరి పని మానేస్తే సబ్బు పొరగా మిగిలి, రాయి జిడ్డుగా కనిపిస్తుంది. స్టీలు పీచు వద్దు. ఏ పూటకు ఆ పూట కలుపుకోండి. మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచొద్దు, పిల్లలు తాగేస్తారు.

స్పిరిట్, నీళ్లు కలిపి స్ప్రే చేసుకోమనే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. రాతికి మంచిదే, చారలు పడవు. కానీ మన గ్యాస్ పొయ్యి ఉండేది ఆ గట్టు మీదే! ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి ఆర్పేసి, కిటికీ తెరిచి, గట్టు పూర్తిగా ఆరేదాకా అగ్గిపుల్ల ముట్టనంత ఓపిక ఉంటేనే వాడండి. హడావుడి వంటింట్లో అది కుదిరే పని కాదు.

నూనె మరక ఇంకిపోతే వంటసోడాను కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, మరక మీద పట్టించి, ప్లాస్టిక్ కవరు కప్పి రాత్రంతా వదిలేయండి. తెల్లారి రుద్దకుండా తీసి, కడగాలి. పాత మరకైతే రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడకండి. హారతి నీళ్లలో పసుపు, సున్నం కలిసి ఎర్రబడినట్టే ఇదీ.

ఇవి మాత్రం కలపొద్దు

వెనిగర్‌లో వంటసోడా వేస్తే బుసబుసా పొంగుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఒకదాని బలాన్ని ఒకటి తినేసి మిగిలేది దాదాపు ఉప్పునీళ్ల లాంటిదే. దీనివల్ల పోయేది శ్రమే. బ్లీచ్ అలా కాదు. బ్లీచ్‌లో వెనిగర్, నిమ్మరసం, బాత్‌రూమ్ కడిగే యాసిడ్... ఏది కలిసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ కలిస్తే క్లోరమైన్ వాయువులు. కిటికీ మూసిన చిన్న వంటింట్లో ఇవి కళ్లు, గొంతు మండించి, ఊపిరి ఆడకుండా చేస్తాయి. ఆస్తమా ఉన్నవారికి, పిల్లలకు మరింత ప్రమాదం. అసలు బ్లీచ్ రాతి మెరుపునూ పోగొడుతుంది కాబట్టి గట్టుకు దాని అవసరమే లేదు. పచ్చి మాంసం, చేపలు వేరే పలక మీద కోసి, పలకనూ గట్టునూ సబ్బునీళ్లతో కడిగితే సరిపోతుంది.

పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే నీళ్లు పోసి సరిచేద్దామని అక్కడే నిలబడొద్దు. వెంటనే అందరూ బయటి గాలిలోకి వచ్చేయాలి. కళ్లు మండుతుంటే కుళాయి నీటి ధార కింద కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. దగ్గు ఆగకపోయినా, ఆయాసం, ఛాతీ బిగుతు ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, ఏమేం కలిశాయో డాక్టరుకు చెప్పండి.