మడత పరంజా – పేటెంటు హక్కు

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి జిన్నింగు మిల్లులు, మిరప శీతల గిడ్డంగులు అనేకము ఉన్నవి. వాటి గోడలకు సున్నము వేయుటకు, దీపములు బాగుచేయుటకు పనివారు ఎత్తున నిలువవలసి వచ్చును. ఇందుకు వాడు సాధనములలో మడత పరంజా ఒకటి. రెండు ప్రక్కల కాళ్ళు, పైన బల్ల, కీళ్ళ వద్ద గడియలు – ఇదియే దాని నిర్మాణము. గడియ జారినచో మనిషి నేలపాలగును. కావున ఆ గడియను మెరుగుపరచినవాడు ప్రాణరక్షకుడే. అట్టి మెరుగుదలకు చట్టమిచ్చు రక్షణ ఎట్టిదో ఇచ్చట వివరింపదలచితిమి.

1970 నాటి పేటెంట్ల చట్టము మూడు లక్షణములను కోరుచున్నది. వస్తువు క్రొత్తది కావలెను, ఆ వృత్తిలో నిపుణుడైనవానికి సులభముగా తట్టనిది కావలెను, పరిశ్రమలో ఉపయోగపడవలెను. కలహము తరచుగా రెండవ లక్షణము వద్దనే వచ్చును. ఇత్తడి పాత్రలను తరిణె పట్టునప్పుడు పట్టి ఉంచు సాధనమును గూర్చిన వ్యాజ్యములో, 1978లో సుప్రీంకోర్టు ఈ విషయమును విచారించినది. కార్ఖానాలో నిపుణుడు చేయు సాధారణమైన మార్పు ఆవిష్కరణ కాదని చెప్పి, ఆ పేటెంటు చెల్లదని తీర్పు ఇచ్చినది.

దీనిని మన పరంజాకు అన్వయించి చూతము. ఇనుమునకు బదులు అల్యూమినియము వాడుట, కాళ్ళను జానెడు పొడిగించుట సాధారణమైన మార్పులు. బల్లపై మనిషి నిలిచిన బరువే గడియను బిగించి, అతడు దిగువరకు ఊడనీయని అమరిక ఎవరైనను చేసిరనుకొందము. అది పూర్వము ఎచ్చటను లేనిదైనచో, పేటెంటు కోరుటకు ఆధారము కలదు.

చేతిపనివారికి ఇది అందని ఫలము కాదు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమునకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోయుటలో తల్లి పడు శ్రమను చూచి, 1999లో ఆసుయంత్రమును రూపొందించెను. దానికి ఆమె పేరిట లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడెను. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ ఆయనకు లభించినవి.

విద్యార్థులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి ఉన్నది. దరఖాస్తునకు ముందే వివరములను అచ్చువేసినచో క్రొత్తదనము పోవును. ఇట్టి కళాశాల సంచికలో వేసినను అంతే. ప్రదర్శనలలో ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన వాటికే మినహాయింపు కలదు. అప్పుడును 12 నెలలలోపల దరఖాస్తు చేయవలెను. కావున మొదట తాత్కాలిక వివరణ పత్రము దాఖలు చేసి, 12 నెలలలో పూర్ణ పత్రమును సమర్పించుట క్షేమము. మన రాష్ట్రమునకు సంబంధించిన కార్యాలయము చెన్నైలో ఉన్నది. పేటెంటు లభించినచో, ఏటేటి రుసుము చెల్లించుచున్నంతవరకు, దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరములు హక్కు ఉండును. అది భారతదేశమునకే పరిమితము.

పత్రములు ఆంగ్లములోగాని హిందీలోగాని ఉండవలెను. ఉర్దూలోను తెలుగులోను ఆలోచించు మన విద్యార్థులకు ఇదియొక అడ్డంకి. అనువాదమునకు, పటముల తయారీకి కళాశాల కమిటీ ఒక అధ్యాపకుని నియమించినచో ఈ అడ్డంకి తొలగును. ఇంకొక మాట. గడియ ఆలోచన మిల్లు మేస్త్రీది అయినచో, ఆవిష్కర్తగా వ్రాయవలసినది అతని పేరే. ఇతరుని ఆలోచనను అపహరించి పొందిన పేటెంటును రద్దు చేయుటకు చట్టములోనే అవకాశము ఉన్నది.